పరపతి

తెలుగు పల్లెల్లో ఎరువుల గోడౌను పక్కనో, పంచాయతీ ఆఫీసుకు ఎదురుగానో ఒక పాత బోర్డు కనిపిస్తుంది. ‘ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం’ అని దాని మీద రాసి ఉంటుంది. అంత పొడుగు పేరు రైతులెవరూ పలకరు. సొసైటీ అంటారు, అంతే. బోర్డు మీది ‘పరపతి’కి అప్పు అని అర్థం. అదే మాట నలుగురు కూర్చునే రచ్చబండ దగ్గరికి వచ్చేసరికి ఇంకో అర్థం పలుకుతుంది. ఫలానా ఆయనకు కలెక్టరాఫీసులో పరపతి ఉందంటే, అక్కడ ఆయన మాట చెల్లుతుందని. అప్పు పుట్టడానికీ, మాట చెల్లడానికీ తెలుగు ఒకే మాట ఉంచుకుంది. ఏ దేశం ఎలా పైకొచ్చింది, ఏది ఎందుకు జారిపోయింది అని ఆర్థిక చరిత్రకారులు లావుపాటి గ్రంథాల్లో వెతికినదాంట్లో సగం ఈ ఒక్క మాటలోనే ఇమిడి ఉంది.

ఊరి షావుకారు దగ్గర అందరికీ ఒకే వడ్డీ ఉండదు. కౌలు రైతుకు నూటికి మూడు రూపాయలు, పదెకరాల మాగాణి ఉన్నవాడికి రెండు, మాట తప్పరని పేరున్న ఇంటికి రూపాయిన్నర. ఎవరికి ఎంతకు అప్పు పుడుతుందో తెలిస్తే చాలు, ఆ ఊళ్లో పెత్తనం ఎవరిదో, రేపు ఎవరి చేతికి పోబోతోందో చెప్పేయొచ్చు. రాజ్యాల సంగతీ అంతే. యుద్ధాల తేదీలు బడి పుస్తకాల్లో ఉంటాయి. ఆ యుద్ధానికి డబ్బు ఎవరిచ్చారు, ఎంత వడ్డీకిచ్చారు అన్నది పద్దు పుస్తకాల్లో ఉంటుంది. ఓటమి చాలాసార్లు ముందు ఆ పద్దుల్లోకే ఎక్కుతుంది.

16వ శతాబ్దపు స్పెయిన్‌నే చూడొచ్చు. 1545లో, ఇప్పటి బొలీవియాలో ఉన్న పొతోసీ కొండ కింద వెండి బయటపడింది. ఆ కొండను తొలిచిన ఆదివాసీల ప్రాణాల లెక్క ఎవరూ సరిగ్గా రాసిపెట్టలేదు గానీ, స్పెయిన్‌లోని సెవిల్ రేవులో దిగిన వెండి లెక్క మాత్రం తులాలతో సహా ఉంది. 1556లో గద్దెనెక్కిన రెండో ఫిలిప్‌కు ఐరోపాలో సాటి వచ్చే ధనవంతుడైన రాజు లేడు. ఆ రాజే 1557లో, 1560లో, 1575లో, 1596లో, మొత్తం నాలుగుసార్లు అప్పులవాళ్ల ముందు చేతులెత్తేశాడు. ఓడలు తీరం చేరకముందే, వాటిలో వస్తున్న వెండి మీద జెనోవా బ్యాంకర్ల దగ్గర అప్పు తెచ్చి సైన్యానికి పోసేవాడు. పంట కళ్లానికి చేరకముందే షావుకారుకు రాసిచ్చేసిన రైతు ఎంత ఉన్నవాడో ఆయనా అంతే ఉన్నవాడు.

1575 సెప్టెంబరులో ఆగిన చెల్లింపుల కథ కాస్త నిలబడి వినదగ్గది. అప్పటికి నెదర్లాండ్స్‌లో తిరుగుబాటు మొదలై ఏడేళ్లు. దాన్ని అణచడానికి వెళ్లిన స్పెయిన్ సైన్యానికి జీతాలు ఎంతో కాలంగా బాకీ. తమ డబ్బు మునిగిన జెనోవా బ్యాంకర్లు సైన్యానికి సొమ్ము చేర్చే దారులు మూసేశారు. 1576 నవంబరు 4న, జీతాలందని సైనికులు తమ రాజు ఏలుబడిలోనే ఉన్న ఆంట్వెర్ప్ మీద విరుచుకుపడ్డారు. ఉత్తర ఐరోపాలో అంతకు మించిన వర్తక నగరం అప్పట్లో లేదు. రోజుల తరబడి దోచారు, వేలమందిని చంపారు, కట్టి పదేళ్లు దాటిన నగర భవనానికి నిప్పు పెట్టారు. ఇది జరిగిన నాలుగో రోజున గెంట్ నగరంలో, అప్పటిదాకా రాజుకు విధేయంగా ఉన్న రాష్ట్రాలు తిరుగుబాటు రాష్ట్రాలతో చేతులు కలిపాయి. స్పెయిన్ సైన్యాన్ని గెంటేయాలని ఒప్పందం రాసుకున్నాయి.

స్పెయిన్‌ను అక్కడ ఏ శత్రువూ ఓడించలేదు. అప్పు పుట్టలేదు, అంతే.

1585లో ఆంట్వెర్ప్‌ను ముట్టడించి స్పెయిన్ మళ్లీ లొంగదీసుకుంది. మతం మార్చుకోని ప్రొటెస్టెంట్లు సర్దుకుని వెళ్లడానికి నాలుగేళ్లు గడువిచ్చింది. 80 వేలున్న జనాభా ఆ నాలుగేళ్లలో సగానికి పడిపోయింది. పట్టునేత పనివాళ్లు, వజ్రాలు సానబట్టేవాళ్లు, చక్కెర వ్యాపారులు, బ్యాంకర్లు మూటాముల్లె సర్దుకున్నారు. చాలామంది ఉత్తరాన ఉన్న ఆమ్‌స్టర్‌డామ్ చేరారు. ఏ ఊళ్లో ఎవరిని ఎంతదాకా నమ్మొచ్చు, ఎవరి సంతకానికి ఎంత విలువ అన్న తెలివిడి కూడా వాళ్ల వెంటే వెళ్లింది. ఫిలిప్‌కు నగరం దక్కింది. నగరాన్ని నగరం చేసిన నమ్మకం మాత్రం ఇంకో ఊరికి కాపురం మార్చింది.

1602 ఆగస్టులో ఆమ్‌స్టర్‌డామ్‌లో దిర్క్ వాన్ ఓస్ అనే వర్తకుడి ఇంట్లో డచ్ ఈస్టిండియా కంపెనీ వాటాల పుస్తకం తెరిచారు. ఆయన కూడా ఆంట్వెర్ప్ నుంచి వచ్చి స్థిరపడినవాడే. ఆమ్‌స్టర్‌డామ్‌లోనే వెయ్యిమందికి పైగా వాటాలు రాయించుకున్నారు. గడువు ముగిసేలోగా ఆ ఇంట్లో పనిమనిషి కూడా 100 గిల్డర్లకు పేరు రాయించింది. అన్ని నగరాలూ కలిపి పోగైన పెట్టుబడి 64 లక్షల గిల్డర్లు. స్పెయిన్ మీద తిరగబడిన ఈ డచ్ దేశానికి పొతోసీ కొండలాంటిదేదీ లేదు. సముద్రం మింగకుండా కట్టలు కట్టుకుని కాపాడుకున్న నేల, 20 లక్షలైనా దాటని జనం. అయినా శతాబ్దం మొదట్లో 8 శాతం పైగా వడ్డీ కడుతున్న హాలండ్ రాష్ట్రం 1655 నాటికి 4 శాతానికి అప్పు తెచ్చుకోగలిగింది. అప్పిచ్చేవాళ్లు, పన్ను వేసేవాళ్లు, ఆ పన్ను కట్టేవాళ్లు ఒకే వీధుల్లో ఉండేవారు. సభలో చేతులెత్తిన పెద్దమనుషుల పెట్టెల్లోనే ఆ అప్పు పత్రాలు ఉండేవి. ఎగ్గొడితే వాళ్ల కొంపే మునుగుతుంది. లోకంలోని వెండికంతా యజమాని అనిపించుకున్న స్పెయిన్ 1648లో ఈ చిన్న దేశపు స్వాతంత్ర్యాన్ని ఒప్పుకుంటూ సంతకం పెట్టింది.

ఆ వాటాల డబ్బు తెలుగు తీరానికీ వచ్చింది. 1605లో డచ్చి ఓడ మచిలీపట్నం రేవులో లంగరు వేసింది. తర్వాతి దశాబ్దాల్లో నిజాంపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, ఖమ్మం వైపు నాగులవంచ దాకా వాళ్ల గిడ్డంగులు వెలిశాయి. లవంగం, జాజికాయ పండే మలుక్కా దీవుల్లో జనం వెండి కంటే ఈ తీరపు నూలుబట్టనే కోరేవారు. బట్ట లేకపోతే బేరం లేదు. ఈ కోరమాండల్ తీరం మలుక్కాలకు ఎడమ చెయ్యిలాంటిదని హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్ అధికారి 1612లోనే పైవాళ్లకు రాశాడు. ఆమ్‌స్టర్‌డామ్ పరపతికి ఒక కొస ఆ పనిమనిషి దాచుకున్న 100 గిల్డర్లయితే, రెండో కొస గోదావరి ఒడ్డున మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకు కూర్చున్న సాలెవాడి చేతుల్లో ఉంది.

ఇక్కడొక సంగతి దాటేసి పోకూడదు. ఒక దేశానికి చవకగా పుట్టిన అప్పు ఇంకొకరి మెడకు ఉరితాడైంది. 1621లో జాజికాయ వ్యాపారమంతా తమ గుప్పిట్లో ఉండాలని డచ్ కంపెనీ బందా దీవుల మీద దాడి చేసింది. అక్కడున్న వేలమందిలో ప్రాణాలతో మిగిలినవాళ్లు బహు కొద్దిమంది. తెలుగు తీరంలో రక్తం అంతగా పారలేదు. ఇక్కడ బయానాలు పనిచేశాయి. నూలు కొనుక్కోవడానికి ముందే డబ్బు చేతిలో పెట్టడం, తర్వాత కంపెనీ చెప్పిన ధరకే బట్ట అప్పజెప్పమనడం. కొనేవాళ్లు నలుగురున్నంత కాలం ఆ బయానా నేతగాడికి ఆసరాగానే ఉంది, బేరం కుదరకపోతే ఇంకొకరి దగ్గరికి పోయేవాడు. 1766లో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చి కొనేవాడూ పాలించేవాడూ ఒక్కడే అయ్యాక అదే బయానా సంకెల అయ్యింది. అప్పు ఒకటే. ఎంతమంది దగ్గర తెచ్చుకునే వీలుందన్నదే తేడా.

ఇంగ్లండ్ పరిస్థితి మొదట్లో ఏమంత గొప్పగా లేదు. 1672లో రెండో ఛార్లెస్ రాజు లండన్ స్వర్ణకార బ్యాంకర్లకు చెల్లింపులు ఆపేసి చాలామందిని దివాలా తీయించాడు. 1688లో డచ్ పాలకుడు విలియం సైన్యంతో దిగి ఇంగ్లండ్ సింహాసనం ఎక్కాక, ఖజానా మీద పట్టు పార్లమెంటుకు వచ్చింది. 1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పుట్టిందే ప్రభుత్వానికి 12 లక్షల పౌన్లు 8 శాతానికి అప్పివ్వడానికి. ఆరు దశాబ్దాలు గడవకముందే అదే ప్రభుత్వపు పత్రాలు 3 శాతానికి నడిచాయి. వాటిని ఎగబడి కొన్నవాళ్లలో ఆమ్‌స్టర్‌డామ్ ధనవంతులు ముందున్నారు. తమ ఊరి పరపతి ఎటు వెళుతోందో వాళ్లు పెట్టుబడితోనే చెప్పేశారు.

ఎదుటి ఒడ్డున ఫ్రాన్స్ ఉంది. బ్రిటన్‌కు రెండింతలు మించిన జనం, సారవంతమైన నేల, పేరుమోసిన సైన్యం. కానీ అక్కడి రాజు ఎప్పుడు మాట తప్పుతాడో తెలియదు కాబట్టి అప్పు ఎప్పుడూ ఖరీదే. అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి సాయం చేసి బ్రిటన్‌ను ఓడించిన ఆనందం ఫ్రాన్స్‌కు ఐదారేళ్లే నిలిచింది. 1788 నాటికి రాజు ఖర్చులో దాదాపు సగం అప్పుల కిందికే పోతోంది. కొత్త పన్నుల కోసం 1789లో ఆయన పిలిచిన సభలోంచే విప్లవం లేచింది. అదే యుద్ధం ఓడిపోయిన బ్రిటన్ మాత్రం 3 శాతం పత్రాలు అమ్ముకుంటూ ఇంకో తరం యుద్ధాలు చేసింది. 1815లో వాటర్లూ నాటికి దాని అప్పు దేశాదాయానికి రెండింతలు. అయినా తర్వాతి వందేళ్లు దానివే అయ్యాయి.

ఆర్థిక చరిత్రను చాలామంది ఇక్కడే తప్పుగా చదువుతారు. దేశం ఎంత పెద్దది, ఎంత పండిస్తుంది అని మాత్రమే చూస్తారు. ఆంగస్ మాడిసన్ కట్టిన అంచనాల ప్రకారం 1700లో ప్రపంచపు ఉత్పత్తిలో దాదాపు నాలుగో వంతు భారత ఉపఖండానిది. 1950కి అది నూటికి నాలుగు వంతులకు దిగింది. ఈ అంకెలు తెలుగు వేదికల మీద తరచూ వినిపిస్తాయి, పోయిన వైభవానికి సాక్ష్యంగా. అవి అంచనాలే అయినా అందులో బాధ నిజం. కానీ అదే పట్టికలో ఇంకొకటి కనిపిస్తుంది. 1820లో ప్రపంచ ఉత్పత్తిలో మూడో వంతు చైనాదే. ఇరవై ఏళ్లు తిరిగేసరికి బ్రిటన్ ఓడలు చైనా రేవులను పేల్చి హాంకాంగ్‌ను లాక్కున్నాయి. పంట ఎంత ఉందన్నదొక్కటే చాలదు. ఆపద వచ్చిన రోజున ఆ పంటను నౌకలుగా, తుపాకులుగా, జీతాలుగా ఎంత త్వరగా మార్చుకోగలరన్నది తేల్చేస్తుంది. దానికి కావలసింది పరపతి.

డచ్చివాళ్ల దీపం కొండెక్కిన తీరూ పద్దుల్లోనే ఉంది. 1780 నుంచి నాలుగేళ్లు బ్రిటన్‌తో జరిగిన యుద్ధంలో వాళ్ల కంపెనీ నడుం విరిగింది. దాన్ని నిలబెట్టడానికి ఆమ్‌స్టర్‌డామ్ బ్యాంకు జనం దాచుకున్న సొమ్మును గుట్టుగా అప్పిచ్చింది. సంగతి పొక్కింది. రెండు వందల ఏళ్లు దగ్గర పడుతున్న ఆ కంపెనీ 1799 చివరి రోజున రద్దయింది. భీమునిపట్నంలో వాళ్ల కోట 1825లో ఇంగ్లీషువాళ్ల పరమైంది. ఆ ఊళ్లోనూ, మచిలీపట్నంలోనూ డచ్ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. రాతి మీద చెక్కిన కుటుంబ చిహ్నాలను ఉప్పుగాలి మెల్లగా తినేస్తోంది.

బ్రిటన్ వంతు రావడానికి ఇంకో నూరేళ్లు పట్టింది. 1880ల నాటికే అమెరికా ఆర్థిక వ్యవస్థ బ్రిటన్‌ను దాటిపోయింది. అయినా 1914 దాకా అప్పులిచ్చేది లండనే. అమెరికా రైలు పట్టాల కింద కూడా బ్రిటిష్ డబ్బు ఉంది. మొదటి ప్రపంచయుద్ధం ఆ వరసను రెండేళ్లలో తిరగేసింది. తిండిగింజల నుంచి తుపాకి మందు దాకా బ్రిటన్ న్యూయార్క్‌లో జె.పి. మోర్గాన్ సంస్థ ద్వారా కొన్నది, అక్కడే అప్పు చేసింది. ఇలాగే సాగితే మరికొన్ని నెలల్లో అమెరికా అధ్యక్షుడు తమకు షరతులు విధించే స్థితికి చేరతాడని 1916 అక్టోబరులోనే బ్రిటిష్ ఖజానా శాఖ హెచ్చరించింది. ఆ హెచ్చరిక వెనక ఉన్నది 33 ఏళ్ల జాన్ మేనార్డ్ కీన్స్. లోకం అప్పటికింకా బ్రిటన్‌నే ప్రపంచానికి పెద్ద అనుకుంటోంది. పద్దు చూసేవాడికి మాత్రం నిజం తెలుసు.

రెండో యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ తన వలసదేశమైన భారత్‌కే వంద కోట్ల పౌన్లకు పైగా బాకీ పడింది. యుద్ధానికి ఇక్కడి నుంచి సరుకు తీసుకెళ్లి డబ్బు ఇవ్వకుండా లండన్‌లో ఖాతా రాసింది. ఇక్కడ నోట్లు అచ్చేశారు, ధరలు మండిపోయాయి, 1943లో బెంగాల్ ఆకలితో మాడింది. ఆ ఖాతాలో ఉన్నది పస్తులున్న జనం బలవంతంగా చేసిన పొదుపు. అప్పిచ్చినా పరపతి రాని విచిత్రం వలసపాలనలోనే సాధ్యం.

1947వ సంవత్సరాన్ని తెలుగువాళ్లు ఒకే తేదీతో గుర్తుపెట్టుకుంటారు. దాని పక్కనే ఇంకొన్ని తేదీలు పెట్టి చూడాలి. ఫిబ్రవరి 20న ప్రధాని అట్లీ భారత్‌ను వదిలి వెళతామని పార్లమెంటులో ప్రకటించాడు. మర్నాడే, గ్రీస్‌కూ టర్కీకీ ఇక డబ్బు ఇవ్వలేమని బ్రిటన్ అమెరికాకు తెలియజేసింది. అంతకు ముందు అమెరికా నుంచి తెచ్చుకున్న 375 కోట్ల డాలర్ల అప్పుకు ఒక షరతు ఉంది: పౌన్లను అడిగినవారికి డాలర్లుగా మార్చి ఇవ్వాలి. జూలై 15న మార్చడం మొదలుపెట్టారు. డాలర్లు నీళ్లలా పోయాయి. ఐదు వారాలకే, ఆగస్టు 20న, ఆపేశారు. ఆ ఐదు వారాల మధ్యలోనే ఎర్రకోట మీద జెండా ఎగిరింది. స్వాతంత్ర్యం బ్రిటన్ బీదతనం పెట్టిన భిక్ష అనడానికి కాదు ఇది. జైళ్లకు వెళ్లినవారు, లాఠీలు తిన్నవారు, ప్రాణాలు ఇచ్చినవారు లేకపోతే చేతిలో కాసు లేకున్నా సామ్రాజ్యం వేలాడుతూనే ఉండేది. ఉద్యమం తలుపు తట్టినప్పుడు లోపల తలుపుకు అడ్డుపెట్టే సత్తువ ఎంత మిగిలిందో ఆ తేదీలు చెబుతాయి. అమెరికాకు ఆ అప్పు చివరి వాయిదా కట్టింది 2006 డిసెంబరులో.

1956లో సూయెజ్ దగ్గర మిగిలిన భ్రమ కూడా తీరింది. ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ కాలువను జాతీయం చేశాడని బ్రిటన్, ఫ్రాన్స్ సైన్యాలు దిగాయి, పోర్ట్ సయీద్ వాళ్ల చేతికి చిక్కింది. అదే వారం పౌను పడిపోతోంది. కాల్పులు ఆపితే తప్ప అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి అప్పు రానివ్వమని అమెరికా తేల్చి చెప్పింది. నవంబరు 6 అర్ధరాత్రికి కాల్పులు ఆగాయి. డిసెంబరులో సైన్యం వెనక్కి వచ్చింది, అప్పు కూడా వచ్చింది.

ఇప్పుడు అందరూ అడిగేది అమెరికా గురించే. 1987లో చరిత్రకారుడు పాల్ కెన్నెడీ మహాశక్తుల ఎదుగుదల, పతనాల మీద రాసిన పుస్తకం వచ్చినప్పుడు తర్వాతి వంతు జపాన్‌దని చాలామంది అనుకున్నారు. మూడేళ్లకే టోక్యో మార్కెట్ కూలి ఆ జోస్యం నీరుగారింది. అందుకే తొందరపడకూడదు. 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా ప్రభుత్వం రక్షణ మీద కంటే వడ్డీల మీద ఎక్కువ ఖర్చు పెట్టింది. ఆ గీత దాటిన రాజ్యం ఎక్కువ కాలం పెద్దగా నిలవదని చరిత్రకారుడు నీల్ ఫెర్గూసన్ హెచ్చరిస్తున్నాడు. స్పెయిన్, ఫ్రాన్స్‌ల కథ చదివినవారికి ఆ మాట బలంగానే తగులుతుంది. కానీ 1815 తర్వాత బ్రిటన్ ఖర్చులో సగానికి పైగా వడ్డీలకే పోయింది, అయినా కూలలేదు. కాబట్టి చూడాల్సింది అప్పు మొత్తాన్ని కాదు, కష్టకాలంలో అప్పిచ్చేవాడి ముఖాన్ని. 2008లో ఆర్థిక సంక్షోభపు మంట లేచింది అమెరికా ఇంట్లోనే. లోకమంతా తలదాచుకోవడానికి పరుగెత్తింది కూడా ఆ ఇంటికే. అమెరికా పత్రాల వడ్డీ తగ్గింది. 2025 ఏప్రిల్‌లో కొత్త సుంకాల ప్రకటన తర్వాత వారం రోజుల్లో ఇంకోలా జరిగింది. వడ్డీ పెరిగింది, డాలరు పడింది, రెండూ ఒకేసారి. ఆ వారం చిన్నదే. కానీ ఆర్థిక చరిత్ర చదివిన కన్ను అమెరికా సైన్యం లెక్కల కంటే, చైనా ఉత్పత్తి అంకెల కంటే ఆ వారం దగ్గరే ఎక్కువసేపు ఆగుతుంది.

భారత్ కూడా ఇలాంటి వారాలు చూసింది. 1991 జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి విదేశీ నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయేంతే ఉన్నాయి. జూలైలో రిజర్వ్ బ్యాంక్ సుమారు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టి 40 కోట్ల డాలర్లు తెచ్చింది. కాగితం మీద హామీ ఇస్తామంటే వాళ్లు ఒప్పుకోలేదు, బంగారం తమ దగ్గరికి పంపాల్సిందే అన్నారు. ఇంట్లో పుస్తెలతాడు తాకట్టుకు వెళ్లినంత అవమానంగా దేశం కుమిలింది. బొంబాయిలో విమానాశ్రయానికి వెళుతున్న వ్యాను ఒకటి టైరు పేలి దారిలో ఆగితే, చుట్టూ భద్రతా సిబ్బంది దిగి నిలబడ్డారని అప్పట్లో ఆర్థిక శాఖలో పనిచేసిన వై.వి. రెడ్డి తర్వాత గుర్తు చేసుకున్నారు. కడప జిల్లా నుంచి వెళ్లిన ఆయన 2003లో రిజర్వ్ బ్యాంక్ గవర్నరయ్యారు. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న ఏలూరు మనిషి దువ్వూరి సుబ్బారావు హయాంలో, 2009లో, ద్రవ్యనిధి అమ్మకానికి పెట్టిన బంగారంలో 200 టన్నులను భారత్ 670 కోట్ల డాలర్లు పోసి కొన్నది.

2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పాశ్చాత్య దేశాలు తమ దగ్గరున్న రష్యా నిల్వలను, దాదాపు 30 వేల కోట్ల డాలర్లను, స్తంభింపజేశాయి. పరాయి ఇంట్లో దాచిన సొమ్ము ఎవరిదన్న ప్రశ్న చాలా రాజధానుల్లో లేచింది. 2023-24లో రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నేలమాళిగల్లో ఉన్న తన బంగారంలో 100 టన్నులను విమానాల్లో ఇంటికి తెప్పించుకుంది. ముంబైలో, నాగ్‌పూర్‌లో ఉన్న సొంత ఖజానాల్లో దాన్ని భద్రపరిచింది.